హస్తవాసి

జ్వరపడిన బిడ్డను తల్లి వైద్యునియొద్దకు ఎత్తుకొని పోవును. అనుభవశాలియైన వైద్యుడు బిడ్డ కన్నులను, ఊపిరి తీసికొను తీరును ఒక్కమారు చూచి, రెండు మూడు ప్రశ్నలడిగి, రోగమేదియో ఊహింపగలుగును. క్రొత్తగా పట్టము పుచ్చుకొన్న యువవైద్యుడు అదే బిడ్డను అరగంటసేపు పరీక్షించియు ఏమియు తేల్చుకొనలేకపోవచ్చును. ఇరువురు చదివిన శాస్త్రము ఒక్కటే. పరీక్షలలో యువకునికే ఎక్కువ మార్కులు వచ్చియుండవచ్చును. అట్లయిన పెద్దవైద్యునియందున్న విశేషమేమి? మనవారు "హస్తవాసి" యని సరిపెట్టుకొందురు. మానసిక శాస్త్రజ్ఞులు ఆ మాటతో తృప్తిపడలేదు.

చిత్రమేమనగా, ఈ విచారణ వైద్యశాలలో గాక చదరంగపు బల్లయొద్ద మొదలయినది. హాలండు దేశీయుడైన అడ్రియాన్ డి గ్రూట్ మానసిక శాస్త్రజ్ఞుడేగాక చదరంగమున స్వయముగా గట్టి ఆటగాడు. మేటి ఆటగాళ్లు ఇతరులకంటె ఎన్నో ఎత్తులు ముందుగా ఆలోచింతురని లోకము నమ్మును. ఆయన పరీక్షించి చూడగా మేటివారికిని మంచి ఆటగాళ్లకును ఆ విషయమున చెప్పుకోదగిన భేదము కనబడలేదు. ఈ సంగతిని 1946లో గ్రంథరూపమున ప్రకటించెను. భేదము వేరొకచోట నున్నది. నడుచుచున్న ఆటలోని ఒక స్థితిని కొద్ది క్షణములు మాత్రమే చూపి మరుగుపరచినను, మేటివారు పావులను ఇంచుమించు తప్పులేక తిరిగి నిలుపగలిగిరి.

అది కేవలము జ్ఞాపకశక్తియా? 1973లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునకు చెందిన విలియం ఛేజ్, హెర్బర్ట్ సైమన్ అనువారు దీనిని తేల్చుటకు చక్కని ఉపాయము పన్నిరి. ఉద్దండుడొకడు, మధ్యముడొకడు, క్రొత్తవాడొకడు, ఇట్లు మువ్వురను కూర్చుండబెట్టి, ఆటలోని స్థితిని 5 సెకండ్లు చూపిరి. ఉద్దండుడు సుమారు 16 పావులను, మధ్యముడు 8, క్రొత్తవాడు 4 పావులను సరిగా నిలిపిరి. పిమ్మట పావులను బల్లమీద ఇచ్చవచ్చినట్లు చెదరగొట్టి చూపిరి. ఇప్పుడు ఉద్దండుని ఆధిక్యమంతయు మాయమైపోయినది! ఇట్టి స్థితులయందును ఉద్దండులకు కొంచెము మేలు మిగులునని తరువాతి పరిశోధనలు చూపినవి గాని, అది మిక్కిలి స్వల్పము.

విద్యార్థులారా! దీనిని మీ అనుభవముతోనే పోల్చి చూడుడు. అక్షరములు నేర్చుచున్న బాలుడు "పుస్తకము" అను మాటను పు, స్త, క, ము అని కూడబలుకుకొనును. మీకు నాలుగక్షరములు కనబడవు; ఒక్క మాట కనబడును. ఆ నాలుగింటినే "కస్తముపు" అని తారుమారు చేసిన మీరును కూడబలుకుకొనవలసినదే. ఉద్దండునికి పావుల సమూహములు మాటలవలె కనబడును. కాలము వెచ్చించి వేలకొలది ఆటలు ఆడినవానికేగాని ఆ చదువు అబ్బదు.

ఇక వైద్యుల మాట. ఆర్థర్ ఎల్‌స్టీన్, లీ షుల్మన్, సారా స్ప్రాఫ్కా అను అమెరికా పరిశోధకులు, రోగులవలె నటింప నేర్చినవారిని వైద్యులయొద్దకు పంపి, వారు ఆలోచించు క్రమమును పరిశీలించి, 1978లో గ్రంథము వెలువరించిరి. పేరుగన్న వైద్యులకు సర్వరోగములకు పనికివచ్చు తర్కపద్ధతి యేదియో ఉండునని వారు తలంచిరి. అట్టిది దొరకలేదు. పేరుగన్నవారును సామాన్యులును ఒక్కతీరుననే మొదటి కొద్ది నిమిషములలో రెండు మూడు ఊహలు చేసికొని, వానిని సరిచూచుకొనుటకు ప్రశ్నలు వేసిరి. అంతేకాదు, ఒక రోగమును చక్కగా పోల్చినవాడు వేరొక రోగమున తడబడెను. కావున నేర్పు పద్ధతియందు గాక, ఆయా రోగములను గూర్చిన ఎరుకయందే ఎక్కువగా నున్నదని తేలినది. ఆ ఎరుకలో గ్రంథపాఠమెంతయో, చూచిన రోగులును అంతయే. చలితో వణకు, పిదప తీవ్రజ్వరము, పిదప చెమటపట్టి నెమ్మదించుట: ఇది మలేరియా కథ. పెద్దవైద్యుని మనస్సున ఇట్టి కథలు అనేకము కలవు.

ఆ ఎరుకను త్వరగా సంపాదించు మార్గమేమి? 2003లో కెనడా పరిశోధకులు గుండె నడకను తెలుపు ఇ.సి.జి. రేఖలను వైద్యవిద్యార్థులకు రెండు విధములుగా నేర్పిరి. కొందరికి ఒక్కొక్క రోగపు రేఖలను వరుసగా ఒకచోట చూపిరి; కొందరికి పలురోగముల రేఖలను కలగలిపి చూపి పోల్చుకొనుమనిరి. పిదప క్రొత్త రేఖలను ఇచ్చి పరీక్షింపగా కలగలుపుగా అభ్యసించినవారే మేలుగా పోల్చిరి. ఇది చదివినప్పుడు నాకు నా తరగతి జ్ఞప్తికి వచ్చినది. ఒక వారమంతయు ఉత్పలమాల, మరియొక వారమంతయు చంపకమాల చెప్పెడివాడను. ఉత్పలమాల పాదమున మొదటి గురువునకు మారుగా రెండు లఘువులు పెట్టిన చంపకమాల యగును, తక్కినదంతయు ఒక్కటే. తరగతిలో తప్పులేక గణవిభజన చేసిన బాలుడే పరీక్షలో పేరు చెప్పక పద్యమిచ్చినచో తికమకపడెడివాడు. అజాగ్రత్త యని మందలించితిని. ఏ వారమున ఏ వృత్తమో ముందే తెలిసియుండుటచే వానికి పోల్చుకొను పని నేనెన్నడును కల్పింపలేదు.

చూపు పదునెక్కినకొలది ఒక అపాయమును పెరుగును. వానకాలమున వరుసగా పదిమందిని డెంగీతో చూచిన వైద్యునికి, పదునొకండవవాని టైఫాయిడు కూడ డెంగీవలె తోచవచ్చును. 2010లో హాలండులోని రాటర్‌డాము నగరమున సిల్వియా మమేడి, హెంక్ ష్మిట్ మొదలగువారు దీనిని పరీక్షించిరి. ప్రత్యేక శిక్షణలోనున్న 36 మంది యువవైద్యులకు మొదట కొన్ని రోగుల వృత్తాంతములు చూపి, కొంతసేపటికి పైకి వానివలెనే కనబడు వేరు రోగముల వృత్తాంతములు ఇచ్చిరి. మొదటి సంవత్సరమువారు ఆ ఉచ్చులో పడలేదు. పడినవారు రెండవ సంవత్సరమువారు, అనగా ఎక్కువ చూచినవారు.

పిమ్మట వారిని ఆ వృత్తాంతములనే మరల చదువుమనిరి. మొదటి ఊహను బలపరచు లక్షణములేవి, దానికి పొసగనివేవి, ఆ రోగమే అయిన ఉండవలసియు లేనివేవి అని వ్రాసికొని, తరువాత వేరు రోగముల పేర్లను ఆలోచింపుమనిరి. క్రొత్త పరీక్ష లేదు, క్రొత్త గ్రంథము లేదు, చేతనున్న కాగితమే. ఆ రెండవ చూపుతో వారి నిర్ణయములలో తప్పులు తగ్గినవి.