పసిపిల్లల ఇష్టాన్ని కొలవడం ఎలా?

హోసూరు ప్రాంతంలో ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు ఎందరికో బడిలో తొలి అక్షరాలు తమిళంలో ఎదురవుతాయి. తమిళనాడులో 2006 నాటి చట్టం ఒకటో తరగతి నుంచి దశలవారీగా తమిళాన్ని తప్పనిసరి చేసింది. అటువంటి పిల్లవాడు రాయడం ఇష్టం లేదంటే, అది రాతమీద అయిష్టమా, కొత్త లిపి అంటే బెరుకా? ఈ తేడా తేలకుండా ‘పిల్లలకు ఆసక్తి లేదు’ అని తీర్మానించడం న్యాయం కాదు.

బడిపిల్లల పఠనాసక్తిని కొలవడానికి అమెరికాలో మెకెన్నా, కియర్ 1990లో ఒక కొలమానం ప్రచురించారు. అందులో గార్‌ఫీల్డ్ అనే కార్టూన్ పిల్లి నాలుగు ముఖభావాలతో కనిపిస్తుంది. పిల్లలు తమకు సరిపోయిన బొమ్మను గుర్తిస్తారు. అయితే నాలుగైదేళ్ల పిల్లలు తరచు అన్నిటికీ నవ్వుముఖాన్నే చూపిస్తారు. అడిగినవారిని మెప్పించాలన్న కోరిక కూడా వారిలో ఉంటుంది.

వీరికి జంటల పోలిక అనుకూలం. దీనికి సిద్ధాంత రూపం ఇచ్చినవాడు థర్‌స్టన్ (1927). కథ వినడం, బొమ్మల పుస్తకం చూడడం, పలకమీద అక్షరాలు దిద్దడం, తన పేరు రాసుకోవడం అనే నాలుగు పనులకు నాలుగు బొమ్మలు గీయాలి. వాటిని రెండేసి చొప్పున చూపి ‘ఇందులో నీకేది కావాలి?’ అని ఇంటి తెలుగులోనే అడగాలి. మొత్తం ఆరు జంటలు వస్తాయి. ప్రతి పనీ మూడుసార్లు కనిపిస్తుంది కనుక దానికి 0 నుంచి 3 వరకు మార్కులు రావచ్చు.

ఇక్కడ మూడు జాగ్రత్తలు అవసరం. ఒకటి, ఆ పనులన్నీ పిల్లలచేత ముందే కొన్నాళ్లు చేయించాలి. తెలుగు పుస్తకం చేతపట్టి ఎరగని పిల్లను దానిమీద ఇష్టం అడిగి లాభం లేదు. రెండు, మరొకనాడు కుడి ఎడమలు మార్చి మళ్లీ అడగాలి. రెండుసార్లూ కుడివైపు బొమ్మనే చూపితే అది చేతి అలవాటే తప్ప ఇష్టం కాదు. మూడు, ఇష్టం వేరు, నేర్పు వేరు. చక్కగా దిద్దే పిల్లకు దిద్దడం నచ్చకపోవచ్చు.

ఇక లిపి సంగతి. తెలుగు అక్షరాలున్న బొమ్మలతో ఒకనాడు, తమిళ అక్షరాలున్న బొమ్మలతో ఇంకొకనాడు ఇదే పరీక్ష జరపాలి. దిద్దడానికి తెలుగులో 3, తమిళంలో 0 వస్తే ఆ పిల్లవాడికి రాత అంటే అయిష్టం లేదన్నమాట. రెండింటా 0 వస్తే పలక పక్కనపెట్టి ఇసుకలోనో బియ్యంలోనో వేలితో రాయించి చూడాలి. బరంపురంలో ఒడియాతో కూడా ఇలాగే పోల్చవచ్చు. బళ్లారిలో మాత్రం తెలుగు, కన్నడ లిపులు దగ్గరివి కాబట్టి తేడా అంత స్పష్టంగా కనిపించకపోవచ్చు.

ఒక్క పిల్లవాడి మార్కులను బట్టి తరగతి మొత్తాన్ని నిర్ణయించకూడదు. పిల్లలు తీరిక వేళ తమంతట తాము ఏ పుస్తకం దగ్గరికి వెళుతున్నారో కూడా కొన్ని రోజులు గమనించి, ఆ రెండింటినీ కలిపి చూడాలి.