ఎత్తనగా నెచ్చటి నుండి?



విమానము నడుపుట నేర్చువారు ఆకాశమున కెగురుట మాత్రమే చేయరు. గదిలో కూర్చుండి ఫ్లైట్ సిమ్యులేటరు అను యంత్రమునందు అభ్యాసము చేయుదురు. ఎదుటి తెరపై కొండలు, నదులు, ఊళ్లు నిజముగా దాటిపోవుచున్నట్లే కనబడును. ఇట్టిదానినే పిల్లలు ఇంటి కంప్యూటరుపై ఆటగా ఆడుచున్నారు. నా మనుమడొకనాడు అందులో మాచర్ల మీదుగా విమానము నడపి, "తాతయ్యా! మన ఎత్తిపోతల ఏదీ?" అని యడిగెను. చూచితిని. చంద్రవంక వాగు కలదు, కొండలు కలవు, డెబ్బది అడుగుల జలపాతము మాత్రము లేదు. దానికి మారుగా ఏటవాలు నేల కనబడెను. ఏల ఇట్లయ్యెనో విచారింపగా తెలిసిన సంగతులను నేడు మీకు మనవి చేయుదును.

ఆ తెరపైనున్న కొండ చిత్రకారుడు వ్రాసినది కాదు. అది అంకెలచే కట్టబడినది. భూమిని గళ్లుగా విభజించి, ఒక్కొక్క గడికి నేల ఎత్తెంతయో ఒక సంఖ్య వ్రాయుదురు. ఆ పట్టికను బట్టి యంత్రము నేలను పఱచును. అట్టి సంఖ్యను చూచినప్పుడెల్ల మనము మూడు ప్రశ్నలు వేయవలయును. ఎచ్చటి నుండి? ఎచ్చటి వఱకు? ఎంత దూరమున కొకటి?

మొదటిది, ఎచ్చటి నుండి యనునది. రైలుస్టేషను పేరుపలకపై సముద్రమట్టమున కిన్ని మీటర్లని వ్రాసియుండుట మీరెఱిగినదే. కాని సముద్రమునకు ఆటుపోట్లు కలవు గదా, ఏ మట్టమును గ్రహింపవలయును? అందుచే సర్వేశాఖవారు విశాఖపట్టణము, చెన్నపట్టణము, నాగపట్టణము మొదలగు తొమ్మిది రేవులలో నీటిమట్టమును కొలిచి సగటు తీసిరి. ఆ సగటునే సున్నగా నుంచుకొని, 1858లో ఆరంభించిన మట్టపు కొలతలను 1909 నాటికి ముగించి, దేశమందు పలుచోట్ల రాళ్లపై గుర్తులు చెక్కిరి. వానినే బెంచిమార్కులందురు.

ఉపగ్రహముల లెక్క వేఱు. అవి భూమిని కొంచెము నొక్కబడిన నున్నని గోళముగా భావించి, ఆ గణితరూపము నుండి ఎత్తును లెక్కించును. మనకు చేరువనున్న బాపట్ల తీరమున అసలు సముద్రమట్టము ఆ గణితరూపమునకు 70 మీటర్లకు పైగా దిగువన నున్నది. ఒక లెక్కలోని సంఖ్యను మఱియొక లెక్కలో పొరబాటున కలిపినచో, తెరపై కొండ నేలలో క్రుంగును, లేదా విమానములు దిగు బాట గాలిలో తేలును.

రెండవది, ఎచ్చటి వఱకు అనునది. 2000 సంవత్సరము ఫిబ్రవరిలో అమెరికావారి ఎండెవర్ అను అంతరిక్షనౌక 11 దినములు భూమిని చుట్టి, భూభాగమున నూటికి ఎనుబది పాళ్లను రాడారు కిరణములచే కొలిచెను. నేడు లోకమున విరివిగా వాడబడు పట్టిక ఆ కొలతలనుండి పుట్టినదే. అయితే నల్లమల వంటి అడవిపై పడిన కిరణము చాలవఱకు ఆకుల గుంపు నుండియే మఱలిపోవును. తలపాగతో మనిషి పొడవు కొలిచినట్లగును. చెట్లతో, మిద్దెలతో కూడిన పైతలమును చూపు పట్టికకు సర్ఫేస్ మోడల్ అనియు, వట్టినేలను చూపుదానికి టెరైన్ మోడల్ అనియు పేర్లు.

విమానము నడుపువారికి ఈ పేర్ల భేదము ప్రాణముతో సమానము. నేల ఎత్తు వారికి ఎలివేషను. సముద్రమట్టము నుండి విమానము ఎత్తు ఆల్టిట్యూడు. సరిగా క్రిందనున్న నేల నుండి విమానము ఎత్తు హైటు. మనము మూడింటిని ఎత్తనియే యందుము. నాగార్జునసాగరము నిండినప్పుడు నీటిమట్టము 590 అడుగులు. 1500 అడుగుల ఆల్టిట్యూడున పోవు విమానము ఆ నీటికి 910 అడుగులు పైన నుండును. ఆ విమానమే 1400 అడుగుల కొండమీదికి వచ్చినచో మిగులునది నూఱడుగులే. ఆల్టిట్యూడు చూపు ముల్లు కదలదు, ప్రమాదము మాత్రము దగ్గఱపడును.

మూడవది, ఎంత దూరమున కొకటి యనునది. మన ఎత్తిపోతల మాయమగుటకు కారణ మిచ్చటనే యున్నది. పెండ్లిపందిరిని తలచుకొనుడు. గుంజ గుంజకు నడుమ గుడ్డ సాపుగా సాగును. దాని క్రింద గొయ్యి యున్నను దిబ్బ యున్నను గుడ్డకు తెలియదు. పట్టికలోని ఒక్కొక్క సంఖ్యయు ఒక గుంజ. మొదట లోకమునకు లభించిన పట్టికలో గుంజకు గుంజకు దూరము సుమారు 90 మీటర్లు. 2014 మొదలుకొని 30 మీటర్ల పట్టిక బయటికి వచ్చినది. 21 మీటర్ల జలపాతము 90 మీటర్ల దూరమునకు సాగినచో దిగుడుబాట యగునే గాని జలపాతము కాదు. సాగరుకట్ట కూడ ఇట్లే గోడరూపు చెడి గుట్టవలె కనబడును. అందుచే దృశ్యమును కూర్చువారు అట్టి తావులందు దగ్గఱదగ్గఱగా కొలతలు తీసికొని చేతితో దిద్దవలసి యుండును.

ఇది ఆటకు మాత్రమే చెందిన విచారమనుకొనకుడు. ఒకే ఎత్తునగల తావులను కలుపు గీతను సమోన్నతరేఖ యందురు. సాగరు ప్రాజెక్టునకు 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. 590 అడుగుల రేఖకు దిగువనున్న నాగార్జునకొండ లోయ నీటిపాలయ్యెను. అచ్చటి జనులు ఊళ్లు విడిచిరి. త్రవ్వకములలో బయటపడిన ప్రాచీన కట్టడములలో కొన్నిటిని కొండపైకిని, అనుపునకును తరలించిరి. రేఖకు పైనున్న కొండ శిఖరము ద్వీపమై నిలిచినది. 1967 ఆగస్టులో కాలువలకు నీరు విడిచినప్పుడును ఎత్తే న్యాయాధిపతి. కాలువకు పల్లపు పొలము మాగాణి యయ్యెను, ప్రక్కనేయున్న మెరకచేను మెట్టగానే మిగిలెను.

మీలో పెక్కురు ఆ మెరకపల్లములను కాలితో ఎఱిగినవారు. ఏ డొంకలో వాననీరు ఎటు పోవునో, ఏ మిట్టకు నీరెక్కదో మీకు తెలియును. గుంజల నడుమనున్న ఆ జ్ఞానము ఏ పట్టికయందును లేదు. కావున ఎవరైన పటము చూపి మీ చేను ఇంత ఎత్తున నున్నదని చెప్పినచో, కాదనకుడు, వెంటనే ఔననకుడు. ఎచ్చటి నుండి, ఎచ్చటి వఱకు, ఎంత దూరమున కొకటి యని యడుగుడు. పిమ్మట చేనిగట్టునకు పోయి చూడుడు. మా మనుమని నేను ఎత్తిపోతలకు తీసికొనిపోతిని. నీటి హోరు విని వాడు తలయెత్తి చూచి, "ఇది దిగుడుబాట కాదు తాతయ్యా!" అనెను.