వీథి దాటుటకు ఎన్ని సెకండులు?

మేము పనిచేయు కేంద్రమునకు సమీపమున ఒక పెద్ద కూడలి కలదు. ఒకనాటి సాయంకాలము మనుమరాలి చేయి పట్టుకొని ఒక వృద్ధురాలు అచ్చట వీథి దాటుచుండగా చూచితిమి. పచ్చదీపము చూచియే ఆమె బయలుదేరినది. ఆవలి ఒడ్డు చేరకమునుపే దీపము మారినది, వాహనములు కదలినవి. తప్పు ఆమెది కాదు, లెక్కది.

ఆ లెక్క సులభమైనదే. మనిషి సెకండునకు 1.2 మీటర్లు నడచునని ఇంజనీర్లు సామాన్యముగా భావింతురు. ఆ చొప్పున 24 మీటర్ల రోడ్డు దాటుటకు 20 సెకండులు చాలును. సెకండునకు 0.8 మీటరు మాత్రమే నడువగల వృద్ధులకో, 30 సెకండులు కావలెను. లోటైన ఆ పది సెకండులలోనే అపాయమున్నది. 2022లో మనదేశమున రోడ్డు ప్రమాదములలో మరణించిన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులు.

దీపము వెలుగు కాలమును పెంచుట ఒక మార్గము. దాటవలసిన దూరమును తగ్గించుట రెండవది. రోడ్డు నడుమ రెండు మీటర్ల వెడల్పున ఒక దిమ్మె కట్టినచో ఇరువైపుల 11 మీటర్లే మిగులును. వృద్ధురాలు 14 సెకండులలో దిమ్మె చేరి, నిలిచి, రెండవవైపు చూచుకొని సాగవచ్చును. సైకిలు పట్టుకొని నిలుచువానికిని ఆ వెడల్పు సరిపోవును.

జీబ్రా చారల సంగతి యేమని శ్రోతలు అడుగవచ్చును. దూరమునుండియే డ్రైవరు కంటికి కనబడవలెనని బ్రిటనులో 1951లో వానిని ప్రవేశపెట్టిరి. కాని రంగు వాహనమును ఆపజాలదు. గంటకు 50 కిలోమీటర్ల వేగమున వచ్చువాడు బ్రేకు వేయవలెనని తలచు ఒక్క సెకండులోనే 14 మీటర్లు ముందుకు వచ్చును. 30 కిలోమీటర్లలోనైన 8 మీటర్లే. అందుచేత చారలున్నచోట రోడ్డును కాలిబాట ఎత్తునకు లేపుట మేలు. ఆ మిట్ట నెక్కుటకు వాహనము వేగము తగ్గించుకొనక తప్పదు.

సైకిళ్ళవారికి కూడలిలో ముఖ్యమైన భయము మలుపు తిరుగు వాహనమువలన. నెదర్లాండ్సు దేశమున దీనికొక ఉపాయము చేసిరి. కూడలి మూలలందు చిన్న దిమ్మెలు కట్టి, సైకిలువాడు కార్లకంటె ముందుగా నిలుచునట్లు ఏర్పరచిరి. దిమ్మెను చుట్టి తిరుగవలసిన కారు మెల్లగా తిరుగును. సైకిళ్ళు దాటుచోటు మూలనుండి ఒక కారు పొడవంత వెనుకకుండుటచే, డ్రైవరు తిరిగిన పిమ్మట సైకిలువాడు అతని కన్నులయెదుటనే యుండును.

ఇందులో గొప్ప యంత్రములేవియు లేవు. కొంత సిమెంటు, కొంత రాయి, కొన్ని సెకండులు. మీ ఊరి కూడలి మంచిదగునో కాదో తెలియుటకు నిపుణులు రానక్కరలేదు. ఇంటిలోని పెద్దవారితో కలసి, చేతిగడియారము చూచుకొనుచు ఒకమారు దాటుడు. చాలని సెకండులెన్నో లెక్కించి పురపాలక సంఘమునకు వ్రాయుడు.