భజన పాటతో పిల్లల చదువు: జోలె ఎవరు పట్టాలి?

ఈ ఎపిసోడ్ మైపాడు బీచ్ నుంచి చేస్తున్నా. మధ్యలో గాలి శబ్దం వస్తే ఏమీ అనుకోవద్దు. పోయిన వీడియో కింద ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, దేవుడి పాటలు పాడి డబ్బులు వసూలు చేయడం తప్పు కాదా? పిల్లల చదువు కోసమైనా సరే?"

తప్పు కాదు తమ్ముడూ. మన దగ్గర ఇది పాత పద్ధతే. ధనుర్మాసంలో హరిదాసు తలమీద అక్షయపాత్ర పెట్టుకుని, చిడతలు వాయిస్తూ వస్తాడు కదా, మనం బియ్యం పోస్తాం. త్యాగరాజస్వామి కూడా వీధుల్లో పాడుతూ వెళ్లి బియ్యం తెచ్చుకునేవారు. దాన్ని ఉంఛవృత్తి అంటారు. పాడేవాళ్లు పాడుకుంటూ పోతారు, ఇవ్వాలనుకున్నోళ్లు ఇస్తారు. అంతే.

దీనికీ చదువుకీ సంబంధం ఏందంటారా? ఘంటసాల గారు సంగీతం నేర్చుకోడానికి విజయనగరం వెళ్లినప్పుడు తిండికి డబ్బుల్లేవు. జోలె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అన్నం తెచ్చుకున్నారు. దాన్ని మధుకరం అంటారు. ఊరు అన్నం పెట్టింది, ఆయన చదువుకున్నారు. కానీ ఆ జోలె చదువుకునే పిల్లాడే మోయాల్సి వచ్చింది.

ఇప్పుడు ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి సంగతి చూడండి. పొద్దున్నే మన ఇళ్లలో వినిపించే వెంకటేశ్వర సుప్రభాతం ఆవిడ 1963లో రికార్డు చేసిందే. దాని రాయల్టీ టీటీడీ వేద పాఠశాలకు ఇచ్చేశారు. సాయం కోసం కచేరీలు కూడా ఎన్నో చేశారు. 1974లో ప్రజాసేవకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. ఇక్కడ తేడా గమనించారా? జోలె పట్టింది పాడిన ఆవిడ. పిల్లలు ఎవరి ముందూ చెయ్యి చాచలేదు.

మన నెల్లూరికే వద్దాం. ఎస్పీ బాలు గారి నాన్న సాంబమూర్తి గారు హరికథలు చెప్పేవారు, భిక్షాటన చేసి మరీ త్యాగరాజ ఉత్సవాలు జరిపించేవారు. వాళ్ల ఇల్లు తిప్పరాజువారి వీధిలో ఉంది. 2020 ఫిబ్రవరిలో బాలు గారు ఆ ఇంటిని వేద పాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు.

మన తీరంలో అవసరం ఇంకో రకం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. ఇంట్లో డబ్బు ఉండదు. సరిగ్గా అప్పుడే బళ్లు, కాలేజీలు తెరుస్తారు. ఫీజు, పుస్తకాలు, బస్ పాస్, అన్నీ ఒకేసారి మీద పడతాయి. "ఈ ఏడాదికి వద్దులే, బోటెక్కు" అనే మాట అప్పుడే వస్తుంది. అలా ఆగిన చదువు మళ్లీ మొదలవడం చాలా కష్టం. అందుకే శ్రీరామనవమి భజనల్లో వచ్చిన డబ్బు మేం జూన్ దాకా దాస్తాం.

మేం చేసిన తప్పు కూడా చెప్పేస్తా. మొదటి ఏడాది సాయం అందుకునే అబ్బాయిని స్టేజీ ఎక్కించాం. ఫోటో తీసి అందరం స్టేటస్ పెట్టాం. డబ్బులు బాగానే వచ్చాయి. కానీ తోటి పిల్లలు వాణ్ణి "భజన డబ్బులోడు" అని పిలవడం మొదలుపెట్టారు. తాళాలంటే ప్రాణం పెట్టే పిల్లాడు, మళ్లీ భజనకు రాలేదు.

అప్పటి నుంచి పద్ధతి మార్చాం. ఒకటి, పిల్లల పేరు, ఫోటో ఎక్కడా పెట్టం. రెండు, ఫీజు నేరుగా కాలేజీకే కట్టి రసీదు తీసుకుంటాం. మూడు, క్యూఆర్ కోడ్ ఒక్కరి సొంత ఖాతాది కాదు, ఇద్దరి పేర్ల మీద ఉన్న జాయింట్ ఖాతాది. పేర్లు లేకుండా జమ, ఖర్చు లెక్క మందిరం గోడకు అంటిస్తాం. నాలుగు, లైవ్ పెడితే త్యాగరాజ, అన్నమయ్య లాంటి వాళ్ల పాత కీర్తనలు మన గొంతుతోనే పాడతాం. వేరేవాళ్ల రికార్డింగ్ వాడితే కాపీరైట్ సమస్య వస్తుంది.

కాబట్టి తమ్ముడూ, పాడి అడగడం తప్పు కాదు. పిల్లాణ్ణి చూపించి అడగడం తప్పు. మీ ఊళ్లో భజన బృందం ఉంటే జూన్‌కు ముందే ఒకసారి కూర్చుని మాట్లాడండి. ఏం తేల్చారో కామెంట్లో రాయండి. ఉంటా మరి.