ఇంటి దీపము – వెలుగు వన్నె

దీపము కొనుటకు అంగడికి పోయినపుడు మనలో పెక్కుమంది రెండు సంగతులే విచారింతురు: ఎన్ని వాట్లు? వెల యెంత? పెట్టెమీద 2700, 4000, 6500 అని ముద్రించియుండు మూడవ అంకెను చూచువారు అరుదు. వెలుగు వన్నెను తెలుపునది ఆ యంకెయే. దానిని కెల్వినులలో లెక్కింతురు.

మేమును ఒకప్పుడు ఇట్లే పొరబడితిమి. తెల్లని వెలుగే మంచి వెలుగని తలచి ఇల్లంతయు 6500 దీపములే పెట్టించితిమి. ఇంటిలోని పెద్దమ్మగారు చూచి, "ఇది ఇల్లా, ఆసుపత్రియా?" అనిరి. రాత్రి పొద్దుపోవువఱకు చదువు పిల్లలకు నిద్ర త్వరగా పట్టదయ్యెను. అపుడు గాని మేము కారణము వెదకలేదు.

కమ్మరి కొలిమికడ ఇనుము కాగినకొలది మొదట ఎఱ్ఱనై, పిమ్మట పసుపువన్నె దాల్చి, తుదకు తెలుపెక్కును. కాగిన వస్తువు ఏ వేడిమియొద్ద ఏ వన్నెతో వెలుగునో, ఆ వేడిమినే ఆ వన్నెకు గుర్తుగా శాస్త్రజ్ఞులు గ్రహించిరి. లార్డ్ కెల్విన్ (1824–1907) పేర వెలసిన ఈ మానమున క్రొవ్వొత్తి వెలుగు సుమారు 1900, పాత తీగబల్బు వెలుగు సుమారు 2700, నడిపగటి వెలుగు సుమారు 5500 నుండి 6500 వఱకు నుండును. అంకె పెరిగినకొలది నీలిచాయ హెచ్చును. అయినను వాడుకలో తక్కువ అంకె దీపమును 'వెచ్చని' దనియు, ఎక్కువ అంకె దానిని 'చల్లని' దనియు అందురు. ఇది కంటికి తోచు భావమే గాని వేడిమి లెక్క కాదు.

నేటి ఎల్.ఇ.డి. దీపములలో నీలికాంతి నిచ్చు చిన్న స్ఫటికముపై పసుపుకాంతి నిచ్చు పూత యుండును. ఆ రెండు కాంతులు కలిసి తెలుపగును. ఆ నీలికాంతిని సాధించినందుకే అకసాకి, అమనో, నకమురా అను శాస్త్రజ్ఞులు 2014లో నోబెల్ బహుమానము నందిరి.

అయితే ఈ నీలికాంతికి నిద్రతో సంబంధము కలదు. వస్తువులను చూపు కణములు గాక, పగటిని రేయిని శరీరమునకు తెలుపు కణములు వేఱుగా కంటిలో నున్నవని 2002లో వెలువడిన పరిశోధనలు తెలిపినవి. అవి నీలికాంతికి మిక్కిలి స్పందించును. రాత్రివేళ ఆ కాంతి ఎక్కువైనచో నిద్రకు తోడ్పడు మెలటోనిన్ తగ్గును.

కనుక పడకగదికి, కూర్చుండు గదికి 2700 లేక 3000 తగును. వంటయింటికి, చదువుబల్లకు 4000 చాలును. ఒక గదిలో రెండు వన్నెలు కలుపరాదు. వెలుగు ఎంత యన్నది ల్యూమెనులను బట్టి తెలియును గాని కెల్వినులను బట్టి కాదు. చదువుబల్లకు వెలుగు చాలనిచో ల్యూమెనులు పెంపవలెను. రంగులను యథార్థముగా చూపు శక్తిని తెలుపు సూచిక వేఱుగా నుండును. అది 80కి తగ్గరాదు, 90 ఉన్న మఱియు మేలు.

విద్యార్థులారా! నేటి సాయంత్రము పసుపును, కుంకుమను ఒక పళ్లెమున నుంచి రెండు వేఱు దీపములక్రింద పరీక్షించి చూడుడు. మేము చెప్పినది మీ కన్నులే మీకు చెప్పును. పిమ్మట మీ పడకగది దీపపు అంకె యెంతయో ఇంటివారికి చదివి చెప్పుడు.