లైబ్రరీ లేకున్నా "ఉంది" అన్న స్క్రిప్ట్: టెర్మక్స్‌లో బిల్డ్ చేసేవాళ్లు చూసుకోవాల్సిన షెల్ తేడా

కాగజ్‌నగర్‌లో మా తమ్ముడికి ల్యాప్‌టాప్ లేదు. ఫోన్‌లో టెర్మక్స్ వేసుకుని కోడింగ్ నేర్చుకుంటున్నాడు. మొన్న ఒక చిన్న ఇమేజ్ టూల్‌ని సోర్స్ నుంచి బిల్డ్ చేయబోతే, కాన్ఫిగర్ స్క్రిప్ట్ "లిబ్‌పిఎన్‌జి ఉంది" అంది. అరగంట కంపైల్ అయ్యాక అదే లైబ్రరీ హెడర్ ఫైల్ దొరకలేదని ఎర్రర్. ఎండాకాలం మధ్యాహ్నం, ఫోన్ పెనంలా కాలిపోతోంది. "అన్నా, ఉందన్నది అదే, లేదంటున్నది అదే" అని ఫోన్ చేసిండు.

స్క్రిప్ట్ తెరిచి చూస్తే విషయం మొదటి లైన్లోనే ఉంది. అక్కడ /బిన్/ఎస్‌హెచ్ అని రాశారు. ఎస్‌హెచ్ అంటే ఒకే ప్రోగ్రామ్ అనుకుంటాం, కానీ అది సిస్టమ్‌ని బట్టి మారుతుంది. ఫెడోరాలో అది బ్యాష్. ఉబుంటులో 2006లో వచ్చిన 6.10 వెర్షన్ నుంచి డ్యాష్. బూట్ త్వరగా అవ్వాలని అప్పట్లో మార్చారు. ఇక మన ఫోన్ సంగతి ఇంకా తమాషా: ఆండ్రాయిడ్ సొంత షెల్ ఎంకెఎస్‌హెచ్, టెర్మక్స్ తెరవగానే కనిపించేది బ్యాష్, టెర్మక్స్‌లో ఎస్‌హెచ్ అని పిలిస్తే వచ్చేది డ్యాష్. ఒక్క ఫోన్‌లో మూడు!

ఈ స్క్రిప్ట్‌లో లైబ్రరీని వెతికే కమాండ్ పక్కన &> గుర్తు పెట్టి అవుట్‌పుట్‌ని పారేశారు. బ్యాష్‌కి అది "అవుట్‌పుట్, ఎర్రర్ రెండూ అటు పంపు" అని అర్థం. డ్యాష్‌కి ఆ గుర్తు తెలియదు. & ని విడిగా చదివి, కమాండ్‌ని బ్యాక్‌గ్రౌండ్‌లో వదిలేస్తుంది. మిగిలిన > ని ఖాళీ కమాండ్‌గా నడుపుతుంది. ఖాళీ కమాండ్ ఎప్పుడూ సక్సెసే కదా, అందుకే లైబ్రరీ ఉన్నా లేకున్నా జవాబు "ఉంది". నా ఉబుంటు ల్యాప్‌టాప్‌లోనూ ఇదే తప్పు జరుగుతోంది, కాకపోతే అక్కడ లైబ్రరీ నిజంగానే ఉంది కాబట్టి ఇన్నాళ్లూ బయటపడలేదు.

[[ లాంటివి రాస్తే డ్యాష్ కనీసం "నాట్ ఫౌండ్" అని అరుస్తుంది. ఆ గొడవే నయం, నోరు మూసుకుని తప్పు జవాబిచ్చే దానికన్నా.

మీకూ ఇలా ఆగితే, స్క్రిప్ట్ పేరుకి ముందు బ్యాష్ అని రాసి రన్ చేయండి. అప్పుడు మొదటి లైన్‌తో పని ఉండదు. మేక్ మాత్రం ఇది పట్టించుకోదు, మామూలుగా ఎస్‌హెచ్‌నే వాడుతుంది. తేడా అక్కడే వస్తే మేక్ కమాండ్‌లోనే షెల్ అనే వేరియబుల్‌కి (అన్నీ క్యాపిటల్ అక్షరాలే) బ్యాష్ అని ఇవ్వాలి. మీరే స్క్రిప్ట్ రాస్తుంటే &> బదులు > /డెవ్/నల్ 2>&1 వాడండి, పైన చెప్పిన షెల్స్ అన్నింటిలో నడుస్తుంది. షెల్‌చెక్ టూల్‌తో ఒకసారి చూసుకుంటే ఇలాంటివి ముందే పట్టిస్తుంది.

తమ్ముడు బ్యాష్‌తో మళ్లీ రన్ చేస్తే రెండు సెకన్లలో "లిబ్‌పిఎన్‌జి లేదు" అంది. ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసి, ఫోన్‌ని కూలర్ ముందు పెట్టి బిల్డ్ పూర్తి చేసిండు.