చలి ఒకటి కాదు, రెండు: బెల్లం, ధాన్యం వర్తకులు చూసుకోవలసిన లెక్క

అచ్యుతాపురం: కార్తికం దాటుతూనే అనకాపల్లి బెల్లం మార్కెట్టులో "చలి పట్టింది" అనే మాట మొదలవుతుంది. ఆ మాటను బట్టి కొందరు కొనుగోలుకు దిగుతారు, కొందరు చేయి వెనక్కు తీసుకుంటారు. అయితే శరత్తు చివర మన ప్రాంతానికి వచ్చే చలి రెండు విధాలు. ఒకటి పొడి చలి, రెండవది ముసురు చలి. ఒంటికి రెండూ చలిగానే తోచినా సరకుకు మొదటిది మేలు, రెండవది చేటు. వచ్చినది ఏదో తెలుసుకోకుండా బేరం ముగించిన వారు గిడ్డంగిలో నష్టపోతారు.

పొడి చలి రాక

నైరుతి ఋతుపవనాలు తిరోగమించాక ఉత్తరాదిన హిమాలయాల మీదుగా వాతావరణ అలజడులు సాగిపోతూ వుంటాయి. వాటి వెనుక చల్లని పొడి గాలి మధ్య భారతం మీదుగా దిగి, ఛత్తీస్‌గఢ్, ఒడిశా దాటి మన మన్యానికి చేరుతుంది. ఆకాశంలో మబ్బు వుండదు కనుక నేల పగలు పుచ్చుకున్న వేడి రాత్రి త్వరగా పోతుంది. చింతపల్లి, లంబసింగిలలో కనిష్ఠ ఉష్ణోగ్రత ఒంటి అంకెకు పడేది ఇటువంటి రాత్రుల్లోనే. అక్కడి నుంచి మాడుగుల, చోడవరం వైపు చలి దిగుతుంది. అచ్యుతాపురం, రాంబిల్లి, పూడిమడక వంటి సముద్రపు అంచు ఊళ్లలో దాని పదును తగ్గుతుంది. అందుకే శీతల గాలులను గుర్తించడానికి వాతావరణ శాఖ పెట్టుకున్న కొలత మైదానాలకు 10 డిగ్రీలు కాగా, తీర కేంద్రాలకు 15 డిగ్రీలు. దానితో పాటు కనిష్ఠం మామూలుకన్నా కనీసం 4.5 డిగ్రీలు తగ్గి వుండాలి.

వెచ్చబడడమే హెచ్చరిక

ఈ చలి కొద్ది రోజులు నిలిచి సడలుతుంది. గాలి తూర్పుకు తిరిగి, బంగాళాఖాతం నుంచి తేమ తెస్తుంది. మబ్బు దుప్పటిలా కప్పడంతో రాత్రులు వెచ్చబడతాయి. ఎండ లేక పగళ్లు మాత్రం చల్లబడతాయి. బజారులో నిలబడిన వారికి చలి పెరిగినట్టే అనిపిస్తుంది. నిజానికి అప్పటికి పొడి చలి పోయి ముసురు వచ్చింది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో అల్పపీడనాలు, వాయుగుండాలు పుట్టే కాలం కనుక ఈ మార్పును తేలికగా తీసుకోరాదు.

గుర్తుపట్టడానికి సులువైన లెక్క ఒకటి వుంది. పగటి గరిష్ఠానికీ రాత్రి కనిష్ఠానికీ మధ్య తేడా చూడాలి. తేడా పెరుగుతూ వుంటే గాలి పొడిగా వున్నట్టు. కనిష్ఠం పెరిగి, గరిష్ఠం తగ్గి, తేడా కుదించుకుపోతూ వుంటే తేమ చేరుతున్నట్టు.

బెల్లం మీద ప్రభావం

చల్లని రాత్రులు, పొడి పగళ్లు చెరకు పెరుగుదలను ఆపి గడలో పంచదార పాలు పెంచుతాయి. రసం చిక్కబడుతుంది, పాకం బాగా కుదురుతుంది, దిమ్మ గట్టిగా రంగు తేలి వస్తుంది. గానుగ దగ్గర పిప్పి ఎండి పొయ్యికి అందుతుంది. ముసురులో ఇదంతా తలకిందులవుతుంది. పిప్పి తడిసి పొయ్యి మండదు, వంట ఆగుతుంది. తడి తగిలిన చెరకు మళ్లీ చిగురు మీదకు పోతే రసం నాణ్యం పడిపోతుంది. బెల్లానికి గాలిలోని తేమను పీల్చే గుణం వుంది కనుక తయారైన దిమ్మ కూడా చెమ్మగిల్లి, రంగు మారి, మెత్తబడుతుంది.

మార్కెట్టు నడక దీనినిబట్టే వుంటుంది. పొడి చలిలో రాబడి పెరిగి ధర మెత్తబడవచ్చు, కాని ఆ సరకు నిలవకు ఆగుతుంది. ముసురులో రాబడి తగ్గి ధర బిగుస్తుంది, కాని ఆ బిగువు సరకు కొరత వల్ల వచ్చినదే గాని నాణ్యం వల్ల కాదు. ఎండ కాయగానే ఆగిన వంటలన్నీ ఒక్కసారి మొదలై దిమ్మలు బారులు తీరుతాయి. బిగువు చూసి కొని నిలవ పెట్టిన వారికి ఎక్కువ ధర ఒక దెబ్బ, చెమ్మ మరొక దెబ్బ.

ధాన్యం, కాఫీ, జీడి

ఇదే సమయంలో ఖరీఫ్ వరి కోతకు వస్తుంది. ప్రభుత్వ కొనుగోలులో ధాన్యానికి తేమ హద్దు 17 శాతం. రెండు రోజుల ముసురు చాలు, కళ్లంలోని ధాన్యం ఆ హద్దు దాటడానికి. పాడేరు, అరకు మన్యంలో కాఫీ పండు కోసి, పైతోలు తీసి ఆరబెట్టే పని కూడా అప్పుడే నడుస్తుంది. గింజలో తేమ సుమారు 10 శాతానికి దిగకపోతే నిలవలో బూజు పడుతుంది. పూతకు వచ్చే జీడితోటల్లో మబ్బు వాతావరణం తేయాకు దోమకు అనుకూలం.

రెండు అనుభవాలు

2021 డిసెంబరులో జవాద్ తుపాను ఉత్తరాంధ్ర వైపు వస్తుందని హెచ్చరికలు వెలువడ్డాయి. అది తీరానికి చేరకముందే బలహీనపడింది. 2023లో మిచౌంగ్ తుపాను డిసెంబరు 5న బాపట్ల సమీపాన తీరం దాటింది. ఆ చోటు అనకాపల్లికి 300 కిలోమీటర్లకు పైగా దూరం. అయినా ఉత్తర కోస్తాలో వానలు పడి, కోసి పొలాల్లో వున్న వరి తడిసింది. తుపాను పేరు, అది తీరం దాటే చోటు మాత్రమే చూసి సరకు లెక్క వేయరాదని ఈ రెండూ చెబుతున్నాయి. మబ్బు ఎంత దూరం పరచుకున్నది, ఎన్ని రోజులు నిలిచేది ముఖ్యం.

వర్తకులు చేయవలసినది

విశాఖపట్నంలో 1974లో ఏర్పడిన తుపాను హెచ్చరికల కేంద్రం ప్రకటనలను రోజూ చూడాలి. విశాఖ కనిష్ఠంతో పాటు చింతపల్లి కనిష్ఠాన్నీ రాసుకోవాలి. పొడి చలి మన్యంలో ముందు కనబడుతుంది. ముసురు సముద్రం వైపు నుంచి వస్తుంది. వరుసగా రెండు మూడు రోజులు కనిష్ఠం పెరిగి, గాలి తూర్పుకు తిరిగితే నిలవ కొనుగోళ్లు ఆపి, చేతిలో వున్న సరకును గాలి తగలని పొడిచోటికి చేర్చాలి. దూర ప్రాంతాలకు పంపే లారీలకు టార్పాలిన్ చూసుకోవాలి. గాలి ఉత్తరానికి తిరిగి రాత్రులు మళ్లీ చల్లబడ్డాక వచ్చే దిమ్మలే నిలవకు తగినవి.